ఓడ రాకపోతే పోపు ఆగిపోవాలా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా నూనె గురించే. అందుకని ఈ సంచిక శీర్షిక మొత్తం నూనెకే ఇచ్చేశాను. కొత్త పాఠకుల కోసం ఒక మాట: నేను వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైనదాన్ని. కదిరి వైపు వేరుశనగ చేలల్లో ఉద్యోగం మొదలుపెట్టి, అశ్వారావుపేట పామాయిల్ తోటల దగ్గర ముగించాను. జవాబుల్లో రైతు వైపు మొగ్గు కనిపిస్తే ఆశ్చర్యపోకండి. అలాగని వంటింటి కష్టం తెలియనిదాన్నేం కాదు, మా ఇంట్లో నెల సరుకుల చీటీ రాసేది నేనే.

ప్రశ్న: మేడమ్ గారూ, మనది వ్యవసాయ దేశం, బియ్యం ఎగుమతి చేస్తాం అంటారు. మరి ఎక్కడో యుద్ధమొస్తే మా వీధి కొట్లో నూనె రేటు ఎందుకు పెరుగుతుంది? 2022లో సన్‌ఫ్లవర్ ప్యాకెట్ కోసం కొట్ల చుట్టూ తిరిగాను.
— ఒక గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: జవాబు మీకు దగ్గర్లోనే ఉందమ్మా, కాకినాడ రేవులో. ఇండోనేషియా, మలేషియాల పామాయిల్, అర్జెంటీనా, బ్రెజిల్‌ల సోయా నూనె, రష్యా, ఉక్రెయిన్‌ల సన్‌ఫ్లవర్ నూనె ముడిసరుకుగా ఓడల్లో వచ్చి ఇలాంటి రేవుల్లోనే దిగుతాయి. పక్కనున్న రిఫైనరీల్లో శుభ్రపడి, మన పేర్లు పెట్టుకుని, పువ్వు బొమ్మ వేసుకుని మీ కొట్టుకు చేరతాయి.

దేశం ఏడాదికి వాడే వంటనూనె 250 లక్షల టన్నులు దాటిపోయింది. అందులో 160 లక్షల టన్నుల దాకా, అంటే వందలో 60 పాళ్ల చుట్టూ, బయటిదే. 2024–25 నూనె సంవత్సరంలో (మన వ్యాపారులకు నవంబరులో మొదలై అక్టోబరుతో ముగుస్తుంది) దీనికి కట్టిన బిల్లు లక్షా 60 వేల కోట్ల రూపాయల పైమాటే.

2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలయ్యేనాటికి మన సన్‌ఫ్లవర్ నూనెలో సింహభాగం ఉక్రెయిన్ నుంచే వచ్చేది. నల్లసముద్రంలో ఓడలు ఆగిపోయాయి. సరే, పామాయిల్‌తో సర్దుకుందాం అనుకుంటే ఏప్రిల్ 28న ఇండోనేషియా తన ఎగుమతులనే నిలిపేసింది. వాళ్ల ఇళ్లల్లో రేటు పెరిగిందట, అందుకు. మే 23న మళ్లీ తలుపులు తీశారు. ఆ మూడున్నర వారాలూ మన దగ్గర టోకు వ్యాపారుల టెన్షన్ అంతా ఇంతా కాదు.

బియ్యం సంగతి వేరు. వరికి నీళ్లున్న భూమి ఉంది, కొనే ప్రభుత్వం ఉంది, దాచే గోదాము ఉంది. నూనెగింజలు వేసే భూమిలో 70 శాతానికి పైగా ఆకాశం వైపు చూసేదే. మద్దతు ధర కాగితం మీద వాటికీ ఉంది. మార్కెట్ యార్డులో దాని దర్శనమే అరుదు.

ప్రశ్న: గ్రూప్–2కి చదువుతున్నాను. పుస్తకంలో ఒకచోట ‘పసుపు విప్లవంతో నూనెగింజల్లో స్వయం సమృద్ధి సాధించాం’ అని ఉంది. ఇంకో చాప్టర్లో ‘వంటనూనెల దిగుమతిలో ప్రపంచంలో మనదే మొదటి స్థానం’ అని ఉంది. ఏది నమ్మాలి?
— ఒక అభ్యర్థి, హనుమకొండ

జవాబు: రెండూ నిజమే బాబూ. రెండింటి మధ్య ఉండాల్సిన పేజీలే మీ పుస్తకంలో లేవు. అవి నేను చెబుతాను, కాస్త పొడుగవుతుంది.

1980ల మధ్యలో కూడా నూనె దిగుమతి బిల్లు ఇలాగే భయపెట్టింది. 1986 మేలో రాజీవ్ గాంధీ ప్రభుత్వం నూనెగింజల టెక్నాలజీ మిషన్ పెట్టింది. నేను ఉద్యోగంలో చేరింది ఆ రోజుల్లోనే. విత్తనం, మందులు కలిపి ఇచ్చే మినీకిట్ సంచులు జీపులో వేసుకుని ఊళ్లు తిరిగేవాళ్లం. జీపు కనిపిస్తే చాలు, పిల్లలు ‘మినీకిట్లు వచ్చాయి’ అని ముందుగా పరిగెత్తి చెప్పేవారు. ఆ సంచుల వల్ల మేలు జరిగింది, కాదనను. కానీ రైతుని చేలో నిలబెట్టింది రేటు. అప్పట్లో నూనె దిగుమతి ప్రభుత్వ సంస్థ చేతిలోనే ఉండేది, ఎవరు పడితే వాళ్లు తెచ్చుకోవడానికి లేదు. 1989లో జాతీయ పాడి అభివృద్ధి మండలికి మరో పని అప్పగించారు. రేటు మరీ పడిపోతే కొనాలి, మరీ పెరిగితే తమ నిల్వ బయటికి వదలాలి. అమూల్ పాల కురియన్ గారి నాయకత్వంలో ‘ధారా’ నూనె ప్యాకెట్లు మార్కెట్లోకి వచ్చింది ఆ కాలంలోనే. పాలలో గుజరాత్ రైతుకు పనికొచ్చిన ఉపాయం నూనెలోనూ పనికొచ్చింది.

ఫలితం చూడండి. 1985–86లో దేశంలో పండిన నూనెగింజలు సుమారు 108 లక్షల టన్నులు. పదేళ్లు తిరిగేసరికి రెట్టింపు దాటాయి. 1992–93 నాటికి మన అవసరంలో దిగుమతి వాటా 3 శాతానికి దిగింది. అవును, మూడే. మీ మొదటి చాప్టర్ అక్కడ ముగుస్తుంది.

ఇక చిరిగిపోయిన పేజీలు. 1994లో పామోలిన్ (శుద్ధి చేసిన పామాయిల్) దిగుమతికి గేట్లు తీశారు. ఎవరైనా తెచ్చుకోవచ్చు, 65 శాతం సుంకం కట్టి. మరుసటి ఏడాది మిగతా నూనెలకూ గేట్లు తీసి సుంకం 30 శాతానికి తగ్గించారు. 1998 నాటికి అది 15 శాతం. ఆ ఏడాదే ఢిల్లీలో కల్తీ ఆవనూనె తిని 60 మందికి పైగా చనిపోయారు. ఒక ముళ్లమొక్క విషపు గింజల నూనె అందులో కలిసింది. గానుగ నూనె, విడి నూనె అంటే జనానికి భయం పట్టుకుంది, సీలు వేసిన రిఫైండ్ ప్యాకెట్టే క్షేమం అనుకున్నారు. 1990ల చివరికి దిగుమతులు ఏడాదికి 40 లక్షల టన్నులు దాటాయి. ఆ తర్వాత వెనక్కి తిరిగి చూసింది లేదు.

అప్పటి పాలకులకు ఒళ్లు తెలియక చేశారని నేను అనను. నూనె రేటు పెరిగితే ఓట్లు పోతాయి, చౌక పామాయిల్ రేషన్ కార్డు ఇంటికి నిజంగానే ఆసరా అయింది. నాకు మింగుడుపడనిది సుంకం ఊగిసలాట. 2018లో ముడి పామాయిల్‌పై 44 శాతం దాకా పెంచారు. తర్వాత మెట్లు మెట్లుగా దించి, 2022 నాటికి అన్నీ కలిపి 5.5 శాతానికి తెచ్చారు. 2024 సెప్టెంబరు 14న ఒక్కసారిగా 27.5 శాతం చేశారు. 2025 మే 30న మళ్లీ 16.5కి దించారు. ఆ చివరి తేదీ ఇంకోసారి చూడండి. మే 30 అంటే ఖరీఫ్‌లో ఏ విత్తనం కొనాలా అని ఆదిలాబాద్ సోయా రైతు చేతిలో డబ్బులు లెక్కపెట్టుకునే వారం. అంతకు ముందు సీజన్లో సోయా మద్దతు ధర క్వింటాలుకు 4,892 అయితే చాలా మార్కెట్లలో అంతకు తక్కువకే అమ్ముకున్నాడాయన. ఇప్పుడు ఏం విత్తుతాడు? పత్తో, మొక్కజొన్నో.

పరీక్షలో పసుపు విప్లవం అడిగితే 1986 రాయండి. ఎప్పుడైనా ఎవరైనా ఇంటర్వ్యూలో కూర్చోబెట్టి అడిగితే 1994 కూడా చెప్పండి.

ప్రశ్న: మాది సత్తుపల్లి దగ్గర పల్లె. పదెకరాలు ఉంది. మొత్తం పామాయిల్ పెట్టేయమని మా బావమరిది, ఒక్క మొక్క కూడా వద్దని మా నాన్న. ఎవరి మాట వినాలి?
— ఒక రైతు, ఖమ్మం జిల్లా

జవాబు: ముందు మీ బోరు మాట వినండి తమ్ముడూ.

పామాయిల్‌కి ఎందుకింత పేరో చెబుతాను. కాపు బాగున్న ఎకరం తోట ఏడాదికి 8 టన్నుల గెలలు ఇచ్చిందనుకోండి. గెలలో నూనె 19 శాతం చుట్టూ వస్తుంది, అంటే టన్నున్నర నూనె. అదే ఎకరంలో వేరుశనగ 8 క్వింటాళ్ల కాయలు పండితే, వలిచి ఆడిస్తే, రెండున్నర క్వింటాళ్ల నూనె. ఆరు రెట్లు తేడా. అందుకే కేంద్రం 2021లో 11,040 కోట్లతో పామాయిల్ మిషన్ పెట్టి 2025–26కి 10 లక్షల హెక్టార్లు అంది, తెలంగాణ 20 లక్షల ఎకరాలు అంది. గురి ఘనమే, మొక్కలు దానికి చాలా దూరంలో ఉన్నాయి. ఇప్పటికీ దేశపు పామాయిల్‌లో 90 శాతానికి పైగా మన రెండు తెలుగు రాష్ట్రాలదే. పెదవేగిలో ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ ఉండటం ఊరికే కాదు.

ఇక నీళ్లు. ఎకరాకు 57 మొక్కలు పడతాయి. ఎదిగిన చెట్టు ఎండాకాలంలో రోజుకు 200 లీటర్లకు తక్కువ తాగదు. ఎకరాకు 11 వేల లీటర్లు, పదెకరాలకు లక్షా 14 వేలు. మీ బోరు గంటకు 10 వేల లీటర్లు పోస్తే, మే నెలలో రోజూ పన్నెండు గంటలు ఆపకుండా నడవాలి. అలా నడుస్తుందా? ఏప్రిల్‌లో బోరు గురగురమన్న ఏడాది మీకు గుర్తుందా? నీళ్లు తగ్గితే చెట్టు చావదు, అది మరీ ప్రమాదం. మగపూలు ఎక్కువేసుకుని, ఏడాదిన్నర, రెండేళ్ల తర్వాత గెలలు తగ్గించి చూపిస్తుంది. ఎందుకు తగ్గాయో అప్పటికి మీకు గుర్తుండదు.

మూడేళ్లపాటు తోట నుంచి పైసా రాదు. ఆ వరుసల మధ్య మొక్కజొన్న, వేరుశనగ, కూరగాయలు వేసుకోవచ్చు. వరి మాత్రం పెట్టకండి. నీడ పడ్డాక, గోదావరి జిల్లాల్లో చేసినట్టు కోకో వేసుకోవచ్చు. మొక్కల సబ్సిడీ, అంతర పంటల సాయం ఉన్నాయి, మండలంలో అడగండి. నర్సరీ నుంచి మొక్క తెచ్చుకునేటప్పుడు ఆఫ్ టైప్ మొక్కల మీద కన్నేయండి. తోటి మొక్కల కంటే తాడిలా నిటారుగా పోయేది, ఆకు విప్పనిది, పొట్టిగా ముడుచుకున్నది పక్కన పెట్టించండి. అక్కడ మొహమాటపడితే పాతికేళ్లు దానికి నీళ్లు పోయాలి.

కాపు మొదలయ్యాక పది, పదిహేను రోజులకోసారి గెలలు కోయాలి. కోసిన 24 గంటల్లో మిల్లుకి చేరాలి, లేదంటే నూనెలో పులుపెక్కుతుంది. మీ మండలం ఏ కంపెనీకి కేటాయించారో వాళ్లకే అమ్మాలి, ఇంకో కొట్టు లేదు. కాబట్టి మిల్లు ఎంత దూరమో, కలెక్షన్ సెంటర్ ఎక్కడో మొక్క నాటకముందే చూసుకోండి. మీ వైపు అశ్వారావుపేట, అప్పారావుపేట మిల్లులు దగ్గర కాబట్టి ఆ బాధ తక్కువ. కొత్తగా నాటుతున్న జిల్లాల వాళ్లకే ఈ మాట ఎక్కువ వర్తిస్తుంది.

రేటు గురించి మీ నాన్నగారి భయం ఉత్తది కాదు. 2022 మే ప్రాంతంలో టన్ను గెలలు 22 వేలు దాటాయి. ఏడాది తిరగకుండానే 12, 13 వేలకు పడ్డాయి. చెట్టు అదే, రైతు అదే, మారింది కౌలాలంపూర్ పామాయిల్ మార్కెట్ రేటు, ఢిల్లీ సుంకం. 2024లో సుంకం పెంచాక మళ్లీ లేచింది. ఐదేళ్ల సగటు ముడినూనె ధర ఆధారంగా ఒక భరోసా ధర లెక్కగట్టి, అంతకు తగ్గితే తేడా ఇస్తామని కేంద్రం పథకంలో ఉంది. పథకంలో ఉన్న ఆ మాట ప్రతి నెలా బిల్లులో కనపడేలా రైతు సంఘాలే వెంటపడాలి.

నన్నడిగితే ఐదెకరాలకు మించొద్దు. మిగతా ఐదూ మీ చేతిలో ఉంచుకోండి, ఏటా పంట మార్చుకునే స్వేచ్ఛతో. బావమరిదికీ కోపం రాదు.

ప్రశ్న: మా తాతల నుంచి చెనక్కాయే పంట. ఇప్పుడు మా ఊళ్లో చీనీ, దానిమ్మ, టమాటా, కంది. దేశంలోనే పెద్ద వేరుశనగ జిల్లా అనిపించుకున్న అనంతపురానికి ఏమైంది మేడమ్?
— అనంతపురం నుంచి వెళ్లి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న పాఠకుడు

జవాబు: ఒకప్పుడు ఉమ్మడి అనంతపురంలో ఖరీఫ్ వేరుశనగ ఏడెనిమిది లక్షల హెక్టార్లు. ఒక్క జిల్లా, ఒక్క పంట. జూలైలో బస్సు కిటికీలోంచి చూస్తే ధర్మవరం నుంచి కదిరి దాకా అదే పచ్చదనం. అందరూ మురిసిపోయేవారు. నాకు మాత్రం గుండెలో గుబులు, ఎందుకంటే ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానతో బతికే నేల అది. ఆగస్టులో ఊడలు (చివర కాయ కట్టే కాడలు) నేలలోకి దిగే వేళ రెండు వారాలు వాన తప్పిందంటే, పైన ఆకు బాగానే ఉంటుంది, పీకితే కాయలుండవు.

విత్తనం ఖర్చు ఒకటి. నువ్వులకు, పొద్దుతిరుగుడుకు ఎకరాకు రెండు, రెండున్నర కిలోలు చాలు. వేరుశనగకి 60 కిలోలకు పైగా గింజలు పోయాలి. పంట పోతే కుటుంబం ఆ ఏడు తిండితోపాటు మరుసటి ఏటి విత్తనమూ పోగొట్టుకుంటుంది. మే, జూన్‌లలో సబ్సిడీ విత్తన కాయల కోసం ఆ క్యూలు మీరు చిన్నప్పుడు చూసే ఉంటారు. తెల్లవారుజామునే చెప్పులు వరుసలో పెట్టి చెట్టు కింద కూర్చునేవాళ్లు.

2000 ఖరీఫ్‌లో కాండం కుళ్లు వైరస్ వచ్చింది. అప్పుడు నేను ఆ జిల్లాలోనే ఉన్నాను. గట్ల మీద పెరిగిన వయ్యారిభామ పూల పుప్పొడిలో వైరస్, దాన్ని మోసుకొచ్చే తామర పురుగులు. రెండు లక్షల హెక్టార్లకు పైగా దెబ్బతింది. ఏ మందు కొట్టాలని అడిగితే, గట్టు మీద కలుపు పీకమని చెప్పేవాళ్లం. పంట పోయినవాడికి ఆ సలహా వినడానికి ఎలా ఉంటుందో ఊహించండి. ఇవన్నీ తట్టుకుని పండించినా, నూనె మిల్లు వాడు పామోలిన్ రేటు చూపించి కాయల రేటు కోసేవాడు.

అన్నీ చెడ్డ కబుర్లే కావు. కదిరి పరిశోధన కేంద్రం ఇచ్చిన కదిరి–6 ఎన్నో ఏళ్లు రైతును మోసింది. తర్వాత వచ్చిన కదిరి లేపాక్షి కరువును ఇంకా బాగా తట్టుకుంటోంది, గింజలో నూనె కూడా సగం దాకా ఉంది. కానీ ఆ ఎనిమిది లక్షల హెక్టార్లూ తిరిగి రావాలని నేను కోరుకోను. ఊరంతా ఒకే పంట వేయడమే సగం జబ్బు. కందితో కలిపి, నేల చూసుకుని, మూడో వంతు నిలబడితే చాలు. మీ ఊళ్లో కంది వేస్తున్నారంటే సంతోషం. టమాటా గురించి మాత్రం మదనపల్లె మార్కెట్లో అడిగి తెలుసుకోండి, అదో పెద్ద కథ.

ప్రశ్న: పామాయిల్ విషం అంటూ వాట్సాప్‌లో వీడియోలు వస్తున్నాయి. నిజమా?
— ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: విషం కాదు. అందులో సంతృప్త కొవ్వు సగం దాకా ఉంటుంది, కాబట్టి రోజూ అదొక్కటే వాడొద్దు. ఆ వీడియోల్లోనే అమృతం అని చెప్పే కొబ్బరినూనెలో అది 90 శాతం. నూనెలు మార్చి మార్చి వాడుకోండి, కొలెస్ట్రాల్ ఉంటే డాక్టర్‌ని అడగండి. బిస్కెట్, చిప్స్ ప్యాకెట్ వెనక చదివితే ఇంట్లో మానేసిన పామాయిల్ అక్కడ కనపడుతుంది.

ప్రశ్న: ఇండియా వచ్చినప్పుడల్లా గానుగ నూనె డబ్బాలు తెచ్చుకుంటున్నాం. అందరూ గానుగ నూనెకు మారితే దిగుమతులు ఆగుతాయి కదా?
— డాలస్ నుంచి ఒక తెలుగు కుటుంబం

జవాబు: రుచి కోసం తెచ్చుకోండి, నేనూ ఆడించుకుంటాను, మాగాయలోకి పప్పునూనె (నువ్వుల నూనె) తప్ప ఇంకోటి పోయను. దిగుమతుల సంగతంటారా, గానుగలో వంద కిలోల పల్లీ గింజలకు 35–40 కిలోల నూనె వస్తుంది. మిగతా నూనె చెక్కలోనే ఉండిపోతుంది. పెద్ద మిల్లులో ఎక్స్‌పెల్లర్ 45 దాకా పిండుతుంది, ఆ చెక్కను కూడా రసాయనంతో నూనె తీసే సాల్వెంట్ ప్లాంటుకి పంపి ఉన్నదంతా లాగేస్తారు. దేశం అంతా గానుగకు మారితే గింజలు ఇంకా ఎక్కువ కావాలి, తక్కువ కాదు. ఇంకో లెక్క: లీటరు నూనెకి రెండున్నర కిలోల గింజలు. కిలో 130 అనుకున్నా గింజలకే 325 రూపాయలు. రోడ్డు పక్కన ‘స్వచ్ఛమైన గానుగ వేరుశనగ నూనె, లీటరు 200’ అని బోర్డు చూస్తే కారు ఆపకండి.

ప్రశ్న: మాకు రైస్ మిల్లు ఉంది. తవుడు నూనె మంచి నూనె అంటున్నారు. మన వరికి ఇంత పేరుండగా దీన్నెందుకు పట్టించుకోరు?
— మిర్యాలగూడ

జవాబు: పట్టించుకోవాల్సిందే. ఒక్క ఎకరం అదనంగా సాగు చేయకుండా, ఒక్క చుక్క అదనపు నీరు ఇవ్వకుండా వచ్చే నూనె ఇది. క్వింటా ధాన్యం మర ఆడిస్తే ఆరేడు కిలోల తవుడు, అందులో 15 నుంచి 20 శాతం నూనె. అంటే క్వింటాకు కిలో పైచిలుకు. ఉప్పుడు బియ్యం తవుడులో ఇంకా ఎక్కువ. ప్రపంచంలో తవుడు నూనె ఎక్కువగా తీసేది మనమే, అయినా ఇంకా చాలా తవుడు నూనె తీయకుండానే దాణాలోకి పోతోంది.

చిక్కు ఒక్కటే, పచ్చి తవుడు గంటల్లో చేదెక్కుతుంది. ఊక కలవకూడదు, తడి తగలకూడదు, అదే రోజు ప్లాంటుకి వెళ్లాలి. లేదా మిల్లు దగ్గరే ఆవిరి పట్టి నిలవబెట్టే యంత్రం ఉండాలి. పది మిల్లులు కలిసి ఒక యంత్రం పెట్టుకోవడానికి ప్రభుత్వం సాయం చేస్తే, పామాయిల్ మొక్క కాపుకొచ్చే లోపలే ఫలితం కనపడుతుంది.

ప్రశ్న: చౌకగా దొరికేది కొనుక్కుంటే తప్పేమిటి? స్వయం సమృద్ధి పేరుతో సుంకం వేస్తే ఆ భారం పేదవాడి మీదే కదా పడేది?
— విశ్రాంత ఎకనామిక్స్ అధ్యాపకులు, గుంటూరు

జవాబు: మాస్టారూ, నూటికి నూరు పాళ్లు మనమే పండించాలని నేనూ అనను. అలా చేయాలంటే వరి, పప్పుల భూమి లాక్కోవాలి. 2024 అక్టోబరులో కేంద్రం 10,103 కోట్లతో ఆమోదించిన నూనెగింజల మిషన్ కూడా 2030–31కి మన అవసరంలో 72 శాతం మనమే తీర్చుకోవాలనే అంది. అందుకు 390 లక్షల టన్నుల గింజల దిగుబడి 697 లక్షలకు పెరగాలట. ఏడేళ్లలో ఇది అసాధ్యానికి దగ్గరగా ఉందని నా అనుమానం, కానీ దిశ సరైనదే.

‘చౌక’ అనేదానితోనే నా పేచీ. అమ్మేవాళ్లు పదిమంది ఉంటే చౌక నిలుస్తుంది. పామాయిల్‌లో ఉన్నది ముఖ్యంగా ఇద్దరు. అందులో పెద్దాయన ఇండోనేషియా 2025 నుంచి తన డీజిల్‌లో 40 శాతం పామాయిల్‌తో చేసిన ఇంధనం కలుపుతోంది. అంటే మన బజ్జీల బాండీకి పోటీగా వాళ్ల లారీ ట్యాంకు వచ్చింది. వాళ్ల నూనె వాళ్ల ఇష్టం. మనం మాత్రం అదే రేటు ఎప్పటికీ ఉంటుందని ఇంటి బడ్జెట్ వేసుకోలేం.

పేదవాడి మీద భారం అన్నది నిజమైన ప్రశ్న. సుంకం వసూళ్లలో కొంత రేషన్ షాపు నూనెకి, కొంత రైతుకు ధర తేడా కట్టడానికి పక్కన పెడితే ఇద్దరూ బతుకుతారు. ఎంత సుంకమన్నది నాకు రెండో విషయం. ఐదేళ్లపాటు ముందుగా చెప్పిన పద్ధతిలో ఉండాలన్నది మొదటిది. లేకపోతే సందులు వెతికేవాళ్లకే లాభం. సోయా పెద్దగా పండని, పామాయిల్ అసలే పండని నేపాల్ నుంచి 2024–25లో లక్షల టన్నుల రిఫైండ్ సోయా, పామాయిల్ మన దేశంలోకి సుంకం లేకుండా దిగాయి. దక్షిణాసియా దేశాల వాణిజ్య ఒప్పందం ప్రకారం అంతా చట్టబద్ధమే. మీ పాత విద్యార్థులకు పాఠంగా చెప్పదగ్గ ముచ్చట.

ప్రశ్న: ప్రధాని నూనె 10 శాతం తగ్గించమన్నారు. మా ఇంట్లో నలుగురం. నెలకి ఎంత వాడితే సబబు? మేం తగ్గిస్తే దేశానికి ఒరిగేదేముంది?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మనిషికి ఏడాదికి 12 కిలోలు చాలని పోషకాహార నిపుణులు చెప్పే లెక్క. నలుగురికి నెలకి నాలుగు కిలోలు. లీటరు ప్యాకెట్ తూగేది 910 గ్రాములు, కాబట్టి నాలుగు లీటర్లు, పైన మరో 400 మిల్లీలీటర్లు. ప్యాకెట్ మీద గ్రాములు తప్పకుండా చూడండి, లీటరులాగే కనపడే 800, 850 గ్రాముల ప్యాకెట్లు కూడా ఉంటున్నాయి. బయట తిన్న పూరీ, ఆఫీసు క్యాంటీన్ బజ్జీ కూడా ఈ నాలుగు కిలోల్లోవే అని మరిచిపోకండి. మా ఇంట్లో సీసాతో పోయడం మానేసి చెంచా పెట్టాను. మావారు మొదటి వారం గొణిగారు, తర్వాత మర్చిపోయారు.

ఒరిగేది చాలానే ఉంది. దేశం వాడేదాంట్లో పదో వంతు అంటే కనీసం 25 లక్షల టన్నులు. పామాయిల్ మిషన్ 2025–26కి పెట్టుకున్న ముడినూనె గురి 11.2 లక్షల టన్నులు. అంటే మొక్క నాటకుండా, బోరు వేయకుండా, దానికి రెట్టింపు కంటే ఎక్కువ మన బాండీల దగ్గరే దొరుకుతుంది. ఇది చూసి ఎవరైనా ‘అయితే రైతును వదిలేద్దాం’ అంటే మాత్రం ఒప్పుకోను. మిగతా తొమ్మిది వంతులూ ఎవరో పండించాలి కదా.

వచ్చే నెల అంశం కంది, మినుము, పెసర. పప్పుల గురించి అడగదలుచుకున్నవాళ్లు 20వ తేదీ లోపు రాయండి. రైతులు తమ నేల రకం, నీటి వసతి తప్పకుండా రాయాలి. అవి లేకుండా ‘ఏ పంట వేయమంటారు’ అని అడిగితే నేను జవాబివ్వలేను.